రాసిన చేయి ఒకరిది, రుజువు భారం మరొకరిది

ఉప్పల్ భగాయత్‌లో హెచ్‌ఎండీఏ లేఅవుట్ వేసి 2019లో ప్లాట్లు వేలం వేసిన తర్వాత ఆ పేరు స్థిరాస్తి ప్రకటనలన్నిటికీ ఎక్కింది. తోటభూములను సూచించే పారశీక పదం ‘బాగాత్’ జనం నోటా, గుమాస్తాల కలం కిందా భగాయత్ అయింది. అంతమాత్రాన అది వేరే భూమి అని ఎవరూ అనరు. కానీ ఆ చుట్టుపక్కలే పుట్టిన ఒక దళిత విద్యార్థి తాత పేరులో అక్షరం మారితే మాత్రం, ఆయన మీ తాతే అనడానికి ఆధారమేమిటన్న ప్రశ్న ఎదురవుతుంది.

నాచారం పారిశ్రామికవాడ కాకముందు, అక్కడ పొలాలున్న కాలంలో మా ముత్తాత చెరువు నీరు పారించే నీరటి. ఇంట్లో ఆయన పేరు చివర ‘అయ్య’ ఉంది, పాత కాగితంలో ‘గాడు’ ఉంది. ఇంటిపేరు ఉండవలసిన చోట కులం పేరు ఉంది. ఆయన జాడ వెతికిన ఏళ్లలో నాకు తెలిసివచ్చింది ఒక్కటే: ఈ తేడాలను చేతిదోషాలని కొట్టిపారేయలేం. వాటి వెనుక కులమూ లిపీ పాలనా ఉన్నాయి.

మొదటిది కులం. దొర పేరులోని ‘రావు’, ‘రెడ్డి’ రికార్డులో చెక్కుచెదరలేదు. ఎల్లయ్య మాత్రం ఎల్లడయ్యాడు, పోచమ్మ పోచి అయింది. ఇంటిపేరు గలవారికి కూడా కులవృత్తే ఇంటిపేరైంది. పాలకుర్తి పోరాట యోధురాలి ఇంటిపేరు చిట్యాల అయినా ఆమె చరిత్రలో చాకలి ఐలమ్మగానే నిలిచింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆంగ్ల అక్షరాల్లో ఆ పేరు నేటికీ ఒకచోట ఐలమ్మ, మరోచోట ఇలమ్మ. అంతటి మనిషి పేరుకే స్థిరత్వం లేనప్పుడు అనామక కూలీ పేరుకు ఎక్కడిది?

రెండోది లిపి. నిజాం పాలనలో 1880వ దశకంలో పారశీకం స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. మన తాతల పేర్లు ఆ లిపిలోకి వెళ్లాయి. అందులో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. పెంటయ్యను పింటయ్య అనీ పుంటయ్య అనీ చదవవచ్చు. మాట మొదట్లో ప, బ, త, న అక్షరాలకు రూపం ఒక్కటే, చుక్కలే తేడా. గొలుసుకట్టు రాతలో చుక్క జారితే నర్సయ్య పర్సయ్య అవుతాడు. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి నేటి కంప్యూటర్ దాకా ఉర్దూ తెలుగులోకీ, తెలుగు ఆంగ్లంలోకీ మారిన ప్రతిసారీ ఒక కొత్త మనిషి పుట్టుకొచ్చాడు. పైగా జిల్లాలు మారాయి. ఉప్పల్, నాచారం హైదరాబాద్ జిల్లా నుంచి 1978లో రంగారెడ్డికీ, 2016లో మేడ్చల్-మల్కాజిగిరికీ వెళ్లాయి. వాటి వెంట కాగితాలూ చెదిరాయి.

ఈ గందరగోళంలో దారి చూపేవి మనం సిగ్గుపడే పేర్లే. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, చావు కన్ను పడకూడదని పసికందును పెంటకుప్ప మీద ఉంచి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఐలయ్య అంటే ఐలోని మల్లన్నకు, కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్నకు మొక్కిన ఇల్లు. మొక్కు తరతరాలకూ కొనసాగుతుంది గనుక తాత పేరు మనవడికి తిరిగి వస్తుంది. గుమాస్తా ఎన్ని తీరుల రాసినా ఆ వరుస చెదరదు.

అయితే ఇదే ఆచారం చిక్కులూ తెస్తుంది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కినవారు సైదులు అనీ, కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్‌కు మొక్కినవారు జహంగీర్ అనీ పేరు పెట్టుకున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే పరిమితం. మతం ఎల్లలు చూడని మొక్కు ఈ విధంగా మనవడి కులాన్ని అనుమానంలోకి నెట్టగలదు.

కులం పేరు సైతం ఒకచోట నిలవలేదు. మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డి వర్మ ‘ఆది హిందువు’ అన్న గౌరవనామం కోసం పోరాడాడు. 1931 జనగణనలో హైదరాబాద్ రాజ్యం దానిని స్వీకరించింది. అది ఆత్మగౌరవ విజయం. కానీ ఆ కాలపు కాగితాల్లో మాల, మాదిగ అని మాత్రమే వెతికేవారికి తమవాళ్లు కనిపించకపోవచ్చు.

నేడు ఈ వెతుకులాట విలువ మరింత పెరిగింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులయ్యాయి. ఎస్సీ అంటే చాలదు, ఏ కులమో తేలాలి. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం రుజువు భారాన్ని దరఖాస్తుదారుడి మీదే మోపింది. రాసింది పట్వారీ, పాడైంది సర్కారు దఫ్తరం, జవాబు చెప్పవలసింది మాత్రం రాయడం రాని మనిషి మనవడు. ఆనంద్ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్వాతంత్ర్యానికి ముందరి పత్రాలకు విలువ ఎక్కువంటూనే, మొదటి తరం చదువరికి పత్రాలు దొరకడం కష్టమనీ, అంతమాత్రాన దరఖాస్తును తిరస్కరించరాదనీ చెప్పింది. ఈ రెండో మాట కిందిస్థాయి కార్యాలయాలకు ఇంకా చేరవలసి ఉంది.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. పాత ఉర్దూ రికార్డులను తెలుగులోకి మార్చేటప్పుడు సాధ్యమైన పాఠాలన్నిటినీ నమోదు చేయాలి. ఊరు, సర్వే నంబరు, తండ్రి పేరు కలిసినప్పుడు అక్షరభేదాన్ని సాకుగా చూపరాదు. పత్రం లేనిచోట స్థానిక విచారణ జరపడం అధికారి బాధ్యత కావాలి.

విద్యార్థులూ ఒక పని మొదలుపెట్టవచ్చు. ఇంట్లోని పెద్దలు ఉండగానే తాతముత్తాతల పేర్లు, పిలుపుపేర్లు, మొక్కిన దేవుళ్లు, చేసిన ఊరి పని రాసి పెట్టుకోండి. పాత కాగితంలో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపండి, క్రీస్తుశకం దాదాపుగా తెలుస్తుంది. పెంటయ్య మనవడు తనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, అది అతని హక్కు. ఆ పేరు పక్కన పెంటయ్య పేరునూ రాసి ఉంచితే, రేపు దఫ్తరంలో నిలబడేటప్పుడు అతని చేతిలో కనీసం ఒక ఆధారం ఉంటుంది.