బలం చాలని లేజర్

1967. బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే సర్జన్ చిట్టెలుకలకు బొచ్చు గొరిగి, వాటిలో కొన్నింటి మీద రూబీ లేజర్ ప్రసరింపజేశాడు. లేజర్ పుట్టి అప్పటికి ఏడేళ్లే. దానికీ కేన్సర్‌కూ ఉన్న సంబంధం తేల్చాలని ఆయన ఆలోచన. యంత్రానికేమో అంత బలం లేదు. కేన్సర్ సంగతి ఎలా ఉన్నా, లేజర్ పడిన ఎలుకలకు బొచ్చు మిగతావాటికన్నా ముందే మొలిచింది. గాయాలూ త్వరగా మానుతున్నాయని తర్వాత గమనించి, ఎంతకీ మానని పుండ్లతో బాధపడే రోగులకూ ఆ కాంతిని వాడి చూశాడు.

అరచేతి వెనక టార్చిలైటు పెట్టి చూస్తే వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తంలోని హిమోగ్లోబిన్ చాలావరకు మింగేస్తుంది. ఎరుపు మాత్రం కొంత లోపలికి చొరబడుతుంది. ఈ చికిత్సలో ఎరుపును, దాని పక్కనే ఉండే కంటికి కనిపించని పరారుణాన్ని ఎంచుకోవడం అందుకే.

లోపలికెళ్లి అదేం చేస్తుంది? ఎక్కువమంది చెప్పే వివరణ మైటోకాండ్రియా చుట్టూ తిరుగుతుంది. అక్కడి సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని పీల్చుకుంటుందని, దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఎక్కువగా తయారవుతుందని రష్యా శాస్త్రవేత్త టీనా కారు ప్రతిపాదించారు. దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు.

చిక్కంతా మోతాదుతోనే. తక్కువైతే ఫలితం ఉండదు, మితిమీరితే గాయం మానడమే మందగించవచ్చు. మెస్టర్ యంత్రం బలహీనమైనది కావడమే కలిసొచ్చిందన్నమాట!

గట్టి ఆధారాలు దొరికింది మాత్రం ఆపరేషన్ కుట్ల దగ్గర కాదు, నోట్లో. రేడియేషన్, కీమో తీసుకునేవారికి నోరంతా పూసి, మెతుకు మింగడమే గండమవుతుంది. ఆ పుండ్లు రాకుండా చూడటానికి ఈ కాంతిని వాడవచ్చని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో మార్గదర్శకాలిచ్చింది. పొగాకు పుణ్యమా అని నోటి కేన్సర్లు ఎక్కువగా ఉన్న మన దేశం పట్టించుకోవాల్సిన సంగతే ఇది. కణితి మీద నేరుగా పడకుండా చూడటం, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టడం తప్పనిసరి.

సిజేరియన్, జ్ఞానదంతం పీకడం వంటివాటి తర్వాత కూడా పరీక్షించారు. చాలావరకు చిన్న అధ్యయనాలే. ఒక్కొక్కరిదీ ఒక్కో మోతాదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఎర్ర దీపాల సంగతి సరేసరి. కొనేవారు చూడాల్సింది పెట్టె మీది వాట్లు కాదు, చర్మంపై చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్ల శక్తి పడుతుందన్నది. కుట్లు ఇంకా పచ్చిగా ఉంటే ముందు సర్జన్‌ను అడగాలి.