కరవలేదు కదా అనుకున్నాను

ఈసారి గోడపత్రికకి కథ రాద్దామనుకున్నాను. వార్డెన్ సార్ మాత్రం "నీ కాలి సంగతి రాయరా, పదిమందికీ పనికొస్తుంది" అన్నారు. అందుకని సిగ్గు విడిచి రాస్తున్నాను.

మెస్ వెనకాల తిరిగే ఎర్ర కుక్కపిల్ల మీకందరికీ తెలుసు. ఒక సాయంత్రం కుళాయి దగ్గర నేను కంచం కడుగుతుంటే అది వచ్చి నా చీలమండ నాకింది. అక్కడ గజ్జి గోకి గోకి పచ్చిపుండు అయి ఉంది. కరవలేదు, గీరలేదు, ఇంకేం భయం అనుకున్నాను. పక్క మంచం వాడు ఊరుకోలేదు, సార్‌కి చెప్పేశాడు. ఆసుపత్రిలో డాక్టరుగారు "ఎక్కడ నాకింది?" అంటే, పుండు చూపిస్తే సూదులు వేస్తారని మోకాలి కింద మంచి చర్మం చూపించాను. ఆయన చీటీ మీద "కేటగిరీ 1" అని రాసి, సబ్బుతో కడుక్కొమ్మని పంపేశారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే సార్‌కి నిజం చెప్పాను. తిట్టలేదు. మళ్ళీ తీసుకెళ్ళారు. డాక్టరుగారు పుండు చూసి, పాత చీటీ కొట్టేసి "కేటగిరీ 3" అని రాశారు. అప్పుడే నర్సమ్మగారు నాకు వివరంగా చెప్పారు.

జంతువును తాకినా, మేత పెట్టినా, పుండూ గాయమూ లేని చర్మాన్ని అది నాకినా 1. కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. రక్తం రాకుండా గీరినా, చర్మాన్ని పంటితో కొరికినట్టు పట్టినా 2. దానికి టీకా వెయ్యాలి. రక్తం వచ్చేలా కరిచినా గీరినా, పుండు మీద నాకినా, చొంగ కంట్లో నోట్లో పడినా 3. దీనికి టీకాతోపాటు పుండు చుట్టూ సీరం కూడా వెయ్యాలి. రేబిస్ క్రిమి ఉండేది చొంగలో. దానికి లోపలికి దారి కావాలి. ఆ దారి పంటిగాటే కానక్కర్లేదు, నా గజ్జిపుండు చాలు. లోపలికెళ్ళాక అది నరాల వెంట మెల్లగా మెదడుకి పాకుతుంది. జబ్బు బయటపడ్డాక బతికినవాళ్ళు అరుదు. అందుకే ముందే ఆపాలి. మొదటి పని, ధారగా పడే నీళ్ళతో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడగడం. సబ్బుకి ఆ క్రిమి పైపొర కరిగిపోతుందట. పసరు, సున్నం, కారం పెట్టకూడదు. (మా అవ్వకి ఈ మాట చెబితే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.)

మా సైన్సు సార్ ఇంకో తమాషా చెప్పారు. అమెరికాలో రాకూన్ అని ఒక జంతువుంది. కళ్ళ చుట్టూ నల్లటి ముసుగు, తోకకి చారలు. అక్కడ తూర్పు రాష్ట్రాల్లో దానికి రేబిస్ ఉంటుంది. అక్కడి ఆసుపత్రి కాగితాల్లో ప్రతిదానికీ ఒక కోడ్ ఉంటుందట. రాకూన్ కరిస్తే డబ్ల్యు 55.51, కొడితే 55.52, ఇంకో విధంగా తగిలితే 55.59. రేబిస్ సోకిందేమో అన్న అనుమానానికి జెడ్ 20.3. అయితే 55.59 అని రాసినంత మాత్రాన వైద్యం తేలదు. బొచ్చు నిమిరాడా, చొంగ పుండుకి తగిలిందా అని డాక్టరు అడిగి తెలుసుకోవాల్సిందే. నిమిరితే ఏమీ అక్కర్లేదు, పుండుకి తగిలితే టీకా, సీరం రెండూ. మనం చెప్పిందే కాగితం మీదికెక్కుతుంది. నేను అబద్ధం చెబితే నా చీటీ కూడా అబద్ధమే చెప్పింది.

సీరం అక్కడ లేదు, పెద్దాసుపత్రికి పంపారు. నొప్పి పుట్టింది, దాచను. కానీ బొడ్డు చుట్టూ 14 సూదులన్నది పాత మాట. ఇప్పుడు రెండు చేతులకీ చర్మంలో చిన్న సూదులు, మొదటిరోజు, తర్వాత 3, 7, 28 రోజులకి.

కుక్కపిల్లని 10 రోజులు కట్టేసి చూశాం. బాగానే తిని తిరుగుతోంది. అయినా 28వ రోజు సూది మాననొద్దన్నారు. అది వచ్చే మంగళవారం. అదే రోజు నా గజ్జికి మందు కూడా ఇస్తామన్నారు. గజ్జి ఉన్నవాళ్ళు ఎవరైనా నాతో వస్తామంటే సార్‌కి పేరు ఇవ్వండి.

— 9వ తరగతి విద్యార్థి