పాత డీజిల్ కారు కొంటున్నారా? టైమింగ్ చైన్ చప్పుడు వినండి

పాత స్విఫ్ట్, విస్టా, పుంటో డీజిల్ కార్లలోని 1.3 లీటర్ ఇంజిన్‌కి బెల్ట్ కాదు, టైమింగ్ చైన్ ఉంటుంది. ఇలాంటి కారు చూడ్డానికి వెళ్తే నేను ముందు బానెట్ మీద చెయ్యి పెడతా. వేడిగా ఉంటే చల్లారాకే స్టార్ట్ చేయమంటా. ఆయిల్ ప్రెషర్ అందేదాకా టెన్షనర్ బిగుసుకోదు కాబట్టి, సాగిన చైన్ మొదటి కొన్ని సెకన్లు గలగలమంటుంది.

క్రాంక్ రెండుసార్లు తిరిగితే క్యామ్ ఒకసారి తిరగాలి. ఆ లెక్క కాపాడేది చైనే. మసి పట్టిన ఆయిల్ మార్చకుండా నడిపితే లింకుల పిన్నులు అరిగి చైన్ సాగుతుంది. పళ్లు దాటిందంటే పిస్టన్లు వాల్వ్‌లను కొడతాయి, ఖర్చు ఇంజిన్ దాకా పోతుంది.

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే పీ0016 కోడ్ వచ్చిందేమో చూడండి. క్రాంక్, క్యామ్ లెక్క కుదరట్లేదని దానర్థం. సెన్సర్ లోపంతో కూడా రావచ్చు, మెకానిక్‌కి చూపించండి. మార్చాల్సి వస్తే చైన్ ఒక్కటే కాకుండా టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కూడా మార్పించండి.