దోసెడు గూళ్లు లాటంతటి మాట చెప్తాయా?



శిడ్లఘట్ట మార్కెట్‌కి పోయినా, ధర్మపురికి పోయినా రీలరు మన లాట్‌లో చేతికి తీసుకుని చూసేది దోసెడు గూళ్లే. అందులో మరకవి, జంటవి, పలచవి ఎన్నున్నాయో చూసి రేటు పాడతాడు. కిలోకు సుమారు 600 లెక్కన 60 కిలోల లాట్‌లో 36,000 గూళ్లు. దోసిట్లో పట్టేవి పాతికో, ముప్పయ్యో. వాటి మాట ఎంతవరకు నమ్మచ్చు?

మన లాట్‌లో నిజంగా నూటికి 10 నాసి గూళ్లున్నాయనుకుందాం. బాగా కలిపి 100 తీస్తే ఒకసారి 8 నాసివి రావచ్చు, ఇంకోసారి 13 రావచ్చు. అట్లా ఎన్నోసార్లు తీస్తే లెక్కలన్నీ 10 చుట్టే గుంపు కడతాయి, దూరం పోయేకొద్దీ పలచబడతాయి. దీన్నే చదువుకున్నోళ్లు శాంపిలింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటారు.

ఎంత అటూఇటూ అవుతుందో మనమే లెక్క వేసుకోవచ్చు. నాసి 10ని మంచి 90తో గుణిస్తే 900. దాన్ని శాంపిల్ 100తో భాగిస్తే 9. దాని వర్గమూలం 3. రెండింతలు చేస్తే 6. అంటే 20 సార్లలో 19 సార్లు నాసి శాతం 4కీ 16కీ మధ్యే వస్తుంది.

400 గూళ్లు తీస్తే 7కీ 13కీ మధ్య. నాలుగింతలు తీస్తేనే తేడా సగమవుతుంది.

25 మాత్రమే తీస్తే? ఒక్క నాసి గూడూ తగలకపోవచ్చు, 5 తగలవచ్చు. అదే లాట్ ఒకరి చేతిలో బంగారం, ఇంకొకరి చేతిలో నూటికి 20 నాసి!

లాట్ 60 కిలోలైనా 120 కిలోలైనా ఈ లెక్క మారదు. ముఖ్యం శాంపిల్ సంఖ్య, కలిపి తీయడం. పైపొర నుంచే తీస్తే 400 తీసినా తప్పే.

కాబట్టి మనం చేయాల్సినవి:

1. మార్కెట్‌కి పోయే ముందు ఇంట్లోనే నాలుగైదు చోట్ల నుంచి 400 గూళ్లు తీసి లెక్కపెట్టాలి. ముప్పావు కిలో లోపే అవుతుంది. ఆ లెక్క చీటీ మీద రాసి పెట్టుకోవాలి.

2. దోసెడు చూసి రేటు తగ్గిస్తే, "ఇంకో మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడన్నా" అని అడగాలి.

3. పోయిన పంటలో 100కి 10 నాసివి, ఈ పంటలో 6 వస్తే కొత్త మందు పనిచేసిందని తొందరపడొద్దు. ఆ తేడా ఊరికే కూడా వస్తుంది. రెండు పంటల్లోనూ 400 చొప్పున లెక్కపెట్టి అదే తేడా కనిపిస్తే అప్పుడు ఆలోచించచ్చు. అప్పుడైనా ఆకు, వాతావరణం మారాయేమో చూసుకోవాలి.

ఈ పంట గూళ్లు విడిపించేటప్పుడే లెక్క మొదలుపెడదాం.