మంట తగ్గాకే వంట

అమెరికాలో వేసవి వచ్చిందంటే వంట పెరట్లోకి చేరుతుంది. అక్కడ రుచిని తేల్చేది గ్రిల్ ఖరీదు కాదు, నిప్పును అదుపులో పెట్టే నేర్పు.

మే నెలాఖరున మెమోరియల్ డేకి రాజుకున్న గ్రిల్స్ సెప్టెంబరు తొలి సోమవారం, లేబర్ డే దాకా చల్లారవు. జులై 4న ఏ వీధికి వెళ్లినా కమ్మని పొగే. డాలస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్ల పెరళ్లలోనూ అదే సందడి. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి ఊరబెట్టిన కోడి కాళ్లు, పనీర్ ముక్కలు, మొక్కజొన్న పొత్తులు సిద్ధంగా ఉంటాయి. ఇంత చేసినా తరచూ ముక్క పైన మాడిపోతుంది, ఎముక దగ్గర పచ్చిగా మిగులుతుంది. తప్పు మసాలాది కాదు, ఎగసే మంటది. కుంపటి మీద పొత్తులు కాల్చే మన పెద్దవాళ్లు మంట ఆరి, నిప్పులు కణకణలాడేదాకా ఆగేవారు. గ్రిల్‌కూ అదే సూత్రం.

మూతతో వచ్చిన పట్టు

1952లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో జార్జ్ స్టీఫెన్ పనిచేసేవారు. గాలికి బూడిద లేచి, వానకు నిప్పు ఆరే మూతలేని గ్రిల్స్‌తో ఆయన విసిగిపోయారు. నీటిలో తేలే బోయాల కోసం అక్కడ చేసే ఇనుప అర్ధగోళాల్లో ఒకటి తీసుకుని బొగ్గులకు గిన్నెగా చేశారు, దానికి మూత పెట్టారు. కెటిల్ గ్రిల్ అలా పుట్టింది.

దాని కీలకం గాలి రంధ్రాల్లో ఉంది. కింది రంధ్రం తెరిస్తే గాలి అంది బొగ్గు రాజుకుంటుంది, మూస్తే వేడి తగ్గుతుంది. పై రంధ్రం పొగను బయటికి పంపుతుంది. వండుతున్నంతసేపూ దాన్ని తెరిచే ఉంచాలి. లేకపోతే పొగ లోపలే నిలిచి ముక్కకు చేదు పడుతుంది.

రెండు వైపుల నిప్పు

బొగ్గు అంటించడానికి చిమ్నీ స్టార్టర్ అనే నిలువు ఇనుప డబ్బా చాలు. అడుగున కాగితం, పైన బొగ్గు. పదిహేను, ఇరవై నిమిషాల్లో బొగ్గులు నివురుగప్పుతాయి. వాటిని గ్రిల్‌లో ఒక పక్కకే పోయాలి, రెండో పక్క ఖాళీగా వదిలేయాలి. కోడి కాళ్లను ముందు ఖాళీ వైపు పెట్టి, మూత వేసి లోపలిదాకా ఉడకనివ్వండి. చివర్లో నిప్పుల మీదికి జరిపితే తోలు కరకరలాడుతుంది. తీపి సాస్‌లు అప్పుడే పూయాలి, ముందే పూస్తే చక్కెర మాడుతుంది.

టెక్సస్‌వాళ్ల బ్రిస్కెట్, అంటే గొడ్డు ఛాతీ మాంసం, ఇందుకు పూర్తిగా భిన్నం. సుమారు 107 నుంచి 121 డిగ్రీల సెల్సియస్ వేడిలో, కట్టెల పొగలో గంటల తరబడి ఉంటుంది. గట్టి మాంసంలోని కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారడానికి అంత ఓపిక కావాలి.

కంటిని నమ్మొద్దు

ఉడికిందో లేదో రంగు చెప్పదు, థర్మామీటరు చెబుతుంది. దాని మొనను ఎముకకు తగలకుండా ముక్క మధ్యలోకి గుచ్చాలి. అమెరికా వ్యవసాయ శాఖ ప్రకారం కోడి మాంసం, కైమా అయినా సరే, 74 డిగ్రీల సెల్సియస్‌కు, మిగతా కైమా 71కి చేరాలి. మేక, గొర్రె మాంసం ముక్కలైతే 63కి చేరాక దించి, మూడు నిమిషాలు ఆగాలి. పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలో ఉడికినదాన్ని పెట్టకూడదు.

పొడవాటి పటకారు, వేడి తట్టుకునే చేతి తొడుగులు కూడా కావాలి. తీగల బ్రష్‌తో జాగ్రత్త. ఊడిన తీగ జాలీకి అంటుకుని తిండిలోకి రావచ్చు. చెక్క గీకుడు పలక మేలు. శాకాహారులు వస్తే వాళ్ల పనీర్, పొత్తులు శుభ్రమైన జాలీ మీద ముందే కాల్చి ఇవ్వడం మర్యాద.

ఎంత వానైనా గ్రిల్‌ను గ్యారేజీలోకి లాగకండి. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలుపు తెరిచి ఉంచినా అది ప్రాణం తీయగలదు. ఇంటి గోడకు దూరంగా పెట్టండి. వంటయ్యాక రంధ్రాలన్నీ మూసేయండి, నిప్పు ఆరి మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది.

కొత్త గ్రిల్ కొనే ఆలోచన ఉంటే కాస్త ఆగండి. ముందు ఒక మంచి థర్మామీటరు తెచ్చుకుని, ఉన్న గ్రిల్‌లోనే బొగ్గులన్నీ ఒక పక్కకు జరిపి చూడండి. ఆ రెండూ చేస్తే మాడిన ముక్కలు ఏరుకునే పని తప్పుతుంది, గ్రిల్ కాచే మనిషీ అందరితో కలిసి కూర్చుని తినగలుగుతారు.