వీధి పిల్లికూన ఇంటికొస్తే: అపోహలు – వాస్తవాలు

వానలు మొదలయ్యేసరికి అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ఆగి ఉన్న కార్ల బానెట్ల కింద, మెట్ల కింద పడేసిన పాత సామాన్ల మధ్య పిల్లికూనల అరుపులు వినిపిస్తాయి. జాలిపడి ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. వారం తిరక్కుండానే "ఇది మచ్చికయ్యే రకం కాదు" అని మళ్లీ అదే సెల్లార్లో వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఆ వారంలో జరిగే పొరపాట్లు ప్రేమ లేక జరిగేవి కావు. పిల్లి గురించి చిన్నప్పటి నుంచి విని, నిజమని నమ్మిన మాటలే వాటికి కారణం.

అపోహ: తల్లి కనబడలేదంటే అది దిక్కులేని కూనే

తల్లిపిల్లి తిండి కోసం గంటల తరబడి బయటే ఉంటుంది. పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఉన్నచోటు ప్రమాదమనిపిస్తే ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని మరోచోటికి మారుస్తుంది. ఆ మార్పిడి మధ్యలో ఒంటరిగా కనిపించిన కూనను మనం "కాపాడి" తీసుకొచ్చేస్తే తల్లికి దూరం చేసినట్టే. కూన శుభ్రంగా, వెచ్చగా ఉంటే దూరం నుంచి కొన్ని గంటలు గమనించండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట కూడా నిజం కాదు. ఒళ్లు చల్లబడినా, కళ్లు పుసులు కట్టినా, వర్షంలో తడుస్తున్నా మాత్రం ఆలస్యం చేయొద్దు.

అపోహ: పిల్లికి పాలు, పెరుగన్నం చాలు

మన ఇళ్లలో అందరూ నమ్మే మాట ఇది, ఎక్కువ కీడు చేసేదీ ఇదే. ఆవుపాలు, గేదెపాలు పిల్లిపాలకు సాటి రావు. వాటిలోని లాక్టోజ్ చాలా కూనలకు అరగదు. విరేచనాలు పట్టుకుంటే అరచేతిలో ఇమిడే ప్రాణం ఒంట్లో నీరంతా పోయి ఒక్క రోజులో వాలిపోతుంది. నాలుగు వారాల్లోపు కూనకు పిల్లికూనల కోసమే తయారయ్యే పాలపొడి కలిపి, రెండు మూడు గంటలకోసారి పట్టాలి. బోర్లా పడుకున్న భంగిమలోనే పట్టాలి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు ముందు వేడి కావాలి, ఆ తర్వాతే పాలు. గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన పెట్టినా సాయమే.

నాలుగో వారం నుంచి మెత్తటి తిండి అలవాటు చేయొచ్చు. ఎనిమిది వారాలకు పాలు మానిపించవచ్చు. అప్పుడు పెట్టేది పెరుగన్నం మాత్రం కాకూడదు. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని ఒళ్లు సరిపడా తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల నుంచే రావాలి. టారిన్ కొరవడితే కంటి చూపు పోతుందని 1970లలో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు నిర్ధారించారు. మీరు శాకాహారులైతే ఈ మాట ముందే ఆలోచించుకోవాలి: పిల్లిని శాకాహారిగా పెంచాలనుకోవడం దానికి అన్యాయం. బజారులో దొరికే కిట్టెన్ ఫుడ్ కడుపు నింపడంతో పాటు టారిన్ లోటునూ తీరుస్తుంది. ఉడికించిన కోడిమాంసం అప్పుడప్పుడూ పెట్టొచ్చు, ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

అపోహ: మంచం కింద నుంచి రావడం లేదంటే అది మచ్చిక కాదు

అది భయం. అంతకు మించి ఏమీ లేదు. నిన్నటిదాకా దాని లోకం సెల్లార్ మూలంత. ఇవాళ మిక్సీ మోత, కుక్కర్ విజిల్, టీవీ, ఎత్తుకుని ముద్దాడాలని వెంటపడే పిల్లలు. దాక్కోవడం దాని ఆరోగ్యకరమైన స్పందన. ఆశ్రయ కేంద్రంలోకి కొత్తగా వచ్చిన పిల్లులకు దాక్కోవడానికి అట్టపెట్టెలు ఇస్తే, ఇవ్వని వాటికంటే త్వరగా కుదుటపడ్డాయని నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనంలో తేలింది. అందుకే మొదటి రోజుల్లో ఇల్లంతా వదలకుండా ఒక్క గది ఇవ్వండి. పక్కకు తిప్పిన అట్టపెట్టె, అందులో పాత లుంగీయో చీర ముక్కో, ఒక మూల నీళ్లూ తిండీ, ఎదురు మూల ఇసుక ట్రే పెడితే చాలు.

తర్వాత మీ పని ఆ గదిలో నేల మీద ఊరికే కూర్చోవడం. పుస్తకం చదువుకోండి, మెల్లగా మాట్లాడండి. చెయ్యి చాచి లాగొద్దు. అదే వచ్చి మీ వేలు వాసన చూడాలి. సూటిగా కళ్లలోకి చూడకండి. కళ్లు నెమ్మదిగా మూసి తెరవండి. ఇలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయని ఇంగ్లండ్ పరిశోధకులు 2020లో ప్రచురించారు. తిండి మీ చేత్తోనే, రోజూ ఒకే వేళకు పెట్టండి.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. రెండు నుంచి ఏడు వారాల మధ్య మనిషి స్పర్శ తెలిసిన కూన తొందరగా ఒళ్లోకి వస్తుంది. ఆ వయసు దాటాక దొరికినదానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. పట్టనివ్వండి. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు: ఒక్కసారి మూతి కాలినందుకు అది పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. కథలో మాట ఎలా ఉన్నా, పిల్లి తనకు కలిగిన బాధను మరిచిపోదన్నది నిజం. గిల్లినా కొట్టినా, మెడ పట్టుకుని ఊపినా అది నేర్చుకునేది ఒక్కటే, ఈ మనిషి ప్రమాదమని. గోరు తగిలితే ఆట ఆపి లేచి వెళ్లిపోండి. చేతివేళ్లతో ఆడించకండి, తాడుకు కట్టిన గుడ్డముక్క వాడండి.

అపోహ: కుక్క మనిషిని నమ్ముతుంది, పిల్లి ఇంటినే నమ్ముతుంది

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో కూనలను కొత్త గదిలో ఉంచి, పెంచినవాళ్లు బయటికెళ్లి తిరిగొచ్చినప్పుడు అవి ఎలా ప్రవర్తిస్తాయో చూశారు. దాదాపు 64 శాతం కూనలు తమ మనిషిని చూడగానే కుదుటపడ్డాయి. పిల్లి ప్రేమ చూపే తీరు వేరు, ప్రేమ లేకపోవడం వేరు.

అపోహ: ఇల్లంతా పాడు చేస్తుంది

మట్టి తవ్వి కప్పెట్టడం దాని సహజ గుణం. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో జల్లించిన ఇసుక పోసి, తిన్నాక అందులో నిలబెడితే చాలా కూనలు త్వరలోనే నేర్చుకుంటాయి. ట్రే రోజూ శుభ్రం చేయకపోతే, గిన్నె పక్కనే పెడితే మాత్రం వేరే మూల వెతుక్కుంటుంది. తప్పు దానిది కాదు.

అపోహ: పిల్లి ఉన్న ఇంట్లో గర్భిణి ఉండకూడదు, వెంట్రుక వల్ల ఉబ్బసం వస్తుంది

టాక్సోప్లాస్మా అన్న పరాన్నజీవి గురించి జాగ్రత్త అవసరమే. అది మనుషులకు ఎక్కువగా సోకేది సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి వల్ల. పిల్లి మలంలో పడిన దాని గుడ్లు సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ట్రే ప్రతిరోజూ, ఇంట్లో మరొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది. ఇక ఎలర్జీకి మూలం వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్. అది సరిపడనివాళ్లకు ఇబ్బంది నిజమే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే కూనను తేవడానికి ముందే డాక్టర్‌ని అడగండి.

అపోహ: ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే నిలబడుతుంది

గాల్లో ఒళ్లు తిప్పుకోగలదు, కానీ ఎముకలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, దవడ విరుగుతుంది. పావురాల కోసం బాల్కనీలకు కట్టించే వల పిల్లికీ రక్షణే. వల వచ్చేదాకా ఆ తలుపు వేసి ఉంచండి.

అపోహ: ఇంట్లోనే ఉంటుంది కదా, టీకాలెందుకు?

పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా వైరస్ మన చెప్పులతోనూ ఇంట్లోకి వస్తుంది, నెలల తరబడి బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆపై పదహారు వారాలదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. మూడు నెలలకు రేబీస్ టీకా. నులిపురుగుల మందు తప్పనిసరి. వీధి నుంచి వచ్చిన కూన కరిచినా రక్కినా ఆ చోటు సబ్బుతో, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. పసుపు అద్ది ఊరుకోకండి.

మన ఇళ్లలో రోజూ వాడే కొన్ని వస్తువులు దానికి విషం. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది. కలరా ఉండలు, పారాసిటమాల్, కుక్కల గోమార్లకు వాడే పర్మెత్రిన్ మందు, ఇవన్నీ ప్రాణాలు తీస్తాయి. జ్వరమని సగం మాత్ర వేస్తే దాన్ని చంపినట్టే.

అపోహ: ఒక్క ఈత అయ్యాకే ఆపరేషన్ చేయించాలి

అవసరం లేదు. ఆడకూన నాలుగో నెలలోనే చూలు కట్టగలదు, రెండు నెలలకే ఈనుతుంది. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ జరిగితే రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలా తగ్గుతుంది. మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్మడం, రాత్రుళ్లు బయటికి పోవాలని అరవడం కూడా తగ్గుతాయి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి, మీ ఊళ్లో ప్రభుత్వ పశువైద్యశాల ఉంటుంది. కూనను తెచ్చిన రోజే ఒకసారి చూపించి టీకాల తేదీలతో పాటు ఆపరేషన్ తేదీ కూడా రాయించుకోండి. ఏ కారణం వల్లనైనా పెంచలేకపోతే, పెంచగలిగే మరో ఇల్లు దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి. మళ్లీ సెల్లార్లో మాత్రం వదలకండి.