థెస్సలొనీకలో ఒక పూట

ఈమధ్య మన సంఘాల నుంచి కూడా పౌలు నడిచిన దారుల్లో గ్రీసు యాత్రకు వెళ్లి వస్తున్నారు. ఫిలిప్పీ చూపించాక బస్సు థెస్సలొనీకలో ఒక పూట ఆగుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న తెల్ల బురుజు దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. ఆ బురుజుకు, పౌలుకు ఏ సంబంధమూ లేదు. అది ఒట్టోమన్ తురుష్కుల నాటిది, ఒకప్పుడు చెరసాల. మరి ఆ పూటలో ఏమి చూడాలి?

క్రీ.పూ. 315లో మాసిదోనియను ఏలిన కస్సాండరు ఈ పట్టణాన్ని కట్టించి తన భార్య పేరు పెట్టాడు. ఆమె అలెగ్జాండరు సవతి చెల్లెలు. పౌలు వచ్చేనాటికి ఇది రోమా పాలనలో పెద్ద ఓడరేవు. 1960లలో న్యాయస్థానం కట్టడానికి తవ్వుతుంటే రోమీయుల నాటి బహిరంగ కూడలి బయటపడింది. అయితే ఇప్పుడు కనిపించే కట్టడాల్లో ఎక్కువ భాగం పౌలు తర్వాతి శతాబ్దంవే. యాసోను ఇల్లు ఇదేనని చూపించగల రాయి ఒక్కటీ లేదు.

ఒక రాయి మాత్రం ఉంది, కానీ అది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యాసోనును లాక్కుపోయింది ఎవరి దగ్గరికో చెప్పేటప్పుడు లూకా ‘పొలితార్కులు’ అనే గ్రీకు మాట వాడాడు (అపొ. కార్యములు 17). మన బైబిల్లో పట్టణపు అధికారులని ఉంది. ఇతర గ్రీకు గ్రంథాల్లో ఆ మాట దాదాపు కనబడదు. 19వ శతాబ్దంలో పడమటి ద్వారాన్ని పడగొట్టినప్పుడు, దాని మీది శాసనంలో సరిగ్గా ఆ పదవి పేరే ఉంది.

కూడలి నుంచి కొద్ది దూరం నడిస్తే గలేరియస్ విజయ తోరణం, ఆ పక్కనే రొటుండా అనే గుండ్రని కట్టడం కనిపిస్తాయి. క్రైస్తవులను తీవ్రంగా హింసించిన చక్రవర్తి గలేరియస్ కట్టించిన ఆ రొటుండా తర్వాత చర్చి అయింది, తురుష్కుల కాలంలో మసీదు అయింది. మీనారు ఇంకా నిలిచే ఉంది. లోపలికి వెళ్లి తల పైకెత్తి బంగారు మొజాయిక్ చిత్రాలను తప్పక చూడండి. 1917 అగ్నిప్రమాదంలో కాలిపోయి, మళ్లీ కట్టిన దెమేత్రి చర్చిని కూడా యాత్రికులు చూస్తారు.

చాలా బస్సులు ఇక్కడితో తిరిగిపోతాయి. నాకు బాధ కలిగించేది అదే. పౌలు మూడు విశ్రాంతి దినాలు వాక్యం చెప్పింది యూదుల సమాజమందిరంలోనే గదా! ఆ యూదుల సంగతి ఏమైందని మనవాళ్లు అడగరు.

1492లో స్పెయిను వెళ్లగొట్టిన యూదులు వేలమంది ఈ పట్టణానికి చేరారు. ఒకప్పుడు శనివారం రేవులో పనే జరిగేది కాదు. 1942లో జర్మన్ల ఆక్రమణ కాలంలో వాళ్ల శ్మశానాన్ని ధ్వంసం చేశారు. సమాధి రాళ్లను గోడలకు, బాటలకు, చర్చి మరమ్మతులకు కూడా వాడుకున్నారు. నేటి అరిస్టాటిల్ విశ్వవిద్యాలయం ఉన్నది ఆ స్థలం మీదే. 1943 మార్చి నుంచి ఆగస్టు వరకు 45,000 మందికి పైగా యూదులను రైళ్లలో ఆష్విట్జ్‌కు పంపారు. వాళ్లలో అత్యధికులు తిరిగి రాలేదు.

ఇది మనకు సంబంధం లేని చరిత్ర కాదు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో పౌలు యూదుల గురించి చెప్పిన కఠినమైన మాటలను, వాళ్లను ద్వేషించడానికి శతాబ్దాలుగా క్రైస్తవులే వాడుకున్నారు. ఆ మాటలు రాసిన పౌలూ యూదుడే. తన జనాంగం కోసం ఎంత వేదనపడ్డాడో రోమా పత్రిక 9వ అధ్యాయంలో తానే చెప్పుకున్నాడు. బోధించేటప్పుడు ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదివే కాపరులు ఎంతమంది?

తెల్ల బురుజు నుంచి సముద్రం ఒడ్డునే రేవు వైపు నడిస్తే ఎలెఫ్తెరియాస్ కూడలిలో ఆ మృతుల జ్ఞాపకార్థం నిలిపిన శిల్పం ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఆయియూ మినా వీధిలో యూదుల మ్యూజియం ఉంది. శనివారం మూసి ఉంటుంది కనుక మీ గైడుతో ముందే మాట్లాడుకోండి. కింది అంతస్తులో ఆ శ్మశానం నుంచి మిగిలిన సమాధి రాళ్లను ఉంచారు. వాటి మీద హెబ్రీ అక్షరాల్లో పేర్లు ఇంకా కనిపిస్తాయి.